మా పెద్దాయన ఎప్పటికీ చిన్నగానే ఉండుగాక!

సొంత తోటలో ద్రాక్ష పండించి, సొంత చేత్తో వైన్ చేసి, ఏడాదికి నాలుగైదు వేల సీసాలతో సరిపెట్టుకునే చిన్న తయారీదారుణ్ణి "పెద్దాయన" అని పిలుచుకుంటూ ఆరాధించే మాబోటి వాళ్ళంటే ఈ మధ్య లోకానికి చులకనైపోయింది. మాకు పిచ్చి అంటున్నారు, పటాటోపం అంటున్నారు. కాబట్టి మా సంప్రదాయపు మూల సూత్రాలను ఒకసారి విశదపరచక తప్పదు.

మొదటి సూత్రం: పెద్దాయన చిన్నగానే ఉండాలి. పేరున్న తోటల్లో హెక్టారుకు సుమారు 4,000 లీటర్లు వస్తే చాలనుకుంటారు. అంటే 5,300 సీసాలు. ఫ్రాన్స్‌లోని వైన్ సీమ బోర్డోలో వాడే పీపాలో పట్టేది 225 లీటర్లు, సరిగ్గా 300 సీసాలు. తలకో సీసా అనుకున్నా ఒక పీపాను 300 మందికి మించి ప్రేమించడానికి వీల్లేదు. ప్రేమకు ఇంత కచ్చితమైన పరిమితి ఉండటం ఎంత గొప్ప విషయమో గమనించండి. 301వ వాడు వచ్చాడంటే అది అభిమానం కాదు, ఆక్రమణ.

అందుకే ఆయన గురించి లోకానికి చాటుతాం గానీ పేరు మాత్రం చెప్పం. ఎవరైనా అడిగితే నిట్టూర్చి, "ఇప్పుడు దొరకదులెండి" అంటాం. సీసాలు ఎవరికి పంపాలో ఆయన ఒక జాబితా పెట్టుకున్నాడు. అడిగినవాళ్ళందరినీ చేర్చుకునే మెతక మనిషే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వొద్దూ! కొత్తగా వచ్చినవాణ్ణి ముందు మేం పరీక్షిస్తాం. "బాగుంది" అన్నాడా, పనికిరాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఏమీ అనలేదా, పరిశీలిస్తాం.

ఇక దోషాల సంగతి. విమర్శకులకు ఎప్పటికీ అర్థం కానిది ఇదే. బ్రెటనోమైసిస్ అని ఒక ఈస్ట్ ఉంది. శుభ్రం చేయని పీపాల్లో కాపురం పెట్టి వైన్‌కు గుర్రపుశాల వాసన పట్టిస్తుంది. పెద్ద కంపెనీ సీసాలో ఈ వాసన వస్తే దాన్ని కలుషితం అంటాం. మా పెద్దాయన సీసాలో వస్తే అది ఆ నేల ఆత్మ. కంపెనీ వైన్ పుల్లబడి వెనిగర్ వాసన కొడితే వాపసు చేస్తాం. ఆయనది కొడితే "సజీవంగా ఉంది" అంటాం. అడుగున మడ్డి కనిపిస్తే వడగట్టలేదని మురిసిపోతాం. మూత తీయగానే నురగ చిమ్మి చొక్కా పాడైతే, రెండోసారి పులిసిందని గ్రహించి, ఆ చొక్కాను ఉతక్కుండా దాచుకున్న భక్తులూ మాలో ఉన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. మా కుందేలుకు ఉన్నవి రెండున్నరే. ఆ అరకాలే దాని ప్రత్యేకత అని మా వాదన.

ఒక్క బిరడా విషయంలోనే మాకు ఇబ్బంది. బిరడా నుంచి వైన్‌లోకి దిగే టీసీఏ అనే రసాయనం లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా వైన్ తడిసిన అట్టపెట్టె వాసన కొడుతుంది. దీన్ని ఆత్మ అనడానికి శతవిధాల ప్రయత్నించాం, కుదరలేదు. చివరికి తప్పంతా బిరడా చేసినవాడి మీదకు నెట్టేశాం.

మా రుచి జ్ఞానాన్ని శంకించేవాళ్ళు 2001 నాటి బోర్డో ప్రయోగాన్ని మా మొహాన కొడుతుంటారు. ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఇచ్చాడు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. దీనికి మా జవాబు సూటిగా ఉంటుంది: వాళ్ళు విద్యార్థులు, మేం భక్తులం. విద్యార్థి గ్లాసులోకి చూస్తాడు. మేం ముందు లేబుల్ చదువుతాం. మమ్మల్ని రంగుతో మోసగించడం అసాధ్యం.

లేబుల్‌తో మోసగించవచ్చా అంటే, అది వేరే సంగతి. రూడీ కుర్నియావాన్ అనే వర్తకుడు చవక సీసాల నుంచి మహామహుల వైన్లు సృష్టించి అమెరికాలో సంపన్నుల చేత ఏళ్ళ తరబడి తాగించాడు. 2008లో న్యూయార్క్ వేలానికి ఫ్రాన్స్‌లోని బర్గండీ సీమలో వైన్ చేసే పోన్సో కుటుంబం పేరుతో, 1940ల నాటివంటూ క్లో సాన్ దెనీ అనే తోట వైన్ సీసాలు వచ్చాయి. ఆ కుటుంబం ఆ వైన్ చేయడం మొదలుపెట్టిందే 1980లలో! ఆ కుటుంబపు లొరాన్ పోన్సో స్వయంగా వెళ్ళి వాటిని వేలం నుంచి తీయించాడు. 2014లో కుర్నియావాన్‌కు పదేళ్ళ జైలుశిక్ష పడింది. ఇక్కడ దొంగను పట్టించింది నాలుక కాదు, తారీఖు. దీన్నిబట్టి మేం నేర్చుకున్నది ఒక్కటే: సీసా మూత తీయకుండా ఉంటే ఏ ప్రమాదమూ లేదు.

కాబట్టి తీయం. "మూడేళ్ళలోపు తాగేయండి" అని మా పెద్దాయన లేబుల్ వెనకే అచ్చు వేయిస్తాడు. అది ఆయన వినయం అనుకుని ఇరవయ్యేళ్ళు దాస్తాం. నిరుటి వైన్ ఎలా ఉందని ఆయన ఆత్రంగా అడిగినప్పుడు మాలో మేం మొహాలు చూసుకుంటాం.

ధర పెరగకూడదా అంటే, పెరగొచ్చు, ఆయన పోయాక. బర్గండీలోని వోన్ రొమానే గ్రామానికి చెందిన వైన్ తయారీదారు ఆన్రీ జయే బీడుపడ్డ క్రో పరాంతూ నేలను రాళ్ళు పేల్చి మరీ బాగుచేసి తోట వేశాడు. 2006లో కన్నుమూశాడు. ఆయన నేలమాళిగలో మిగిలిన 1,064 సీసాలు 2018లో జెనీవా వేలంలో 3 కోట్ల స్విస్ ఫ్రాంకులు దాటాయి. ఇదీ పద్ధతి. బతికున్న మనిషి సీసాకు కాస్త ధర పెంచితే మాత్రం డబ్బుకు అమ్ముడుపోయినట్టే. పైకప్పు కారుతోందట, పంపు కొత్తది కొనాలట. మరి ఆ పాత పంపు పక్కన ఆయన నిలబడ్డ ఫొటో ఏం కావాలి? మా గోడల మీద ఉన్నది అదే కదా.

అసలు విపత్తు ఇప్పుడొచ్చింది. ఆయన కూతురు వైన్ శాస్త్రం చదువుకుని తోటకు తిరిగొచ్చింది. వచ్చీరాగానే పీపాలన్నీ మరుగుతున్న నీళ్ళతో కడిగించింది. ఈ ఏడాది వైన్‌లో గుర్రం లేదు, నురగ లేదు, మడ్డి లేదు. ద్రాక్ష రుచి వస్తోంది! ఇన్నాళ్ళూ తాను చేయాలనుకున్నది ఇలాంటి వైనేనని పెద్దాయన సంబరపడుతున్నాడట. పాపం, వయసు మీద పడింది. మేమంతా సంతకాలు చేసి ఒక విజ్ఞాపన పంపాం: పాత భక్తుల మనోభావాలను గౌరవించి, కనీసం రెండు పీపాలనైనా కడక్కుండా వదిలేయాలని.