ఏం తీశారో ఆమెకు తెలియాలి

గార్మెంట్స్ ఫ్యాక్టరీల్లో కుట్టుపనికో, కట్టడాల పనికో అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి బెంగళూరు చేరిన మన ఆడవాళ్లలో నలభై దాటకముందే గర్భసంచి తీయించుకున్నవారు తరచుగానే కనిపిస్తారు. "సంచి తీసేశారు" అంటారు. ఆడ హార్మోన్లను తయారుచేసే అండాశయాలను ఉంచారా, వాటినీ తీసేశారా అని అడిగితే మాత్రం చాలామంది చెప్పలేరు.

తర్వాతి జీవితమంతా ఆధారపడేది ఆ జవాబు మీదే. అండాశయాలను కూడా తొలగిస్తే, ఏళ్ల తరబడి నెమ్మదిగా జరగాల్సిన ముట్లుడిగే (మెనోపాజ్) మార్పు ఒక్కసారిగా మీద పడి, ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు మొదలవుతాయి. చిన్న వయసులోనే అయితే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అలాంటివారికి, వేరే అభ్యంతరాలేవీ లేకపోతే, యాభై ఏళ్లు వచ్చేవరకైనా హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది వైద్యులు అంగీకరించిన విషయమే. అండాశయాలను ఉంచినా అవి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం మానేయవచ్చు. ఇవేవీ తెలియని మన ఆడవాళ్లు నొప్పులన్నింటికీ ఆపరేషన్ నాడు వెన్నులో వేసిన సూదినే తిట్టుకుంటారు.

ఈ ఆపరేషన్ అన్నివేళలా తప్పని మేము అనడం లేదు. క్యాన్సర్‌కు, మందులకు లొంగని రక్తస్రావానికి, సంచి జారిపోయినప్పుడు అది ఆడవాళ్లను నిలబెడుతుంది. అయితే తెల్లబట్టకు, చిన్న గడ్డలకు "రేపు క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి కోయడం వైద్యం కాదు. మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం వంటివి ముందు ప్రయత్నించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతం దాటారు. వీటిలో అత్యధికం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి.

అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వాటిలో భాగమే. ఆ కమిటీలు లెక్కలు అడగడంతో సరిపెట్టకుండా, ఏ అవయవం తీశారో, ఎందుకు తీశారో, ఆపై ఏ పరీక్షలు అవసరమో ఆమె చదవగలిగే భాషలో, తెలుగో కన్నడమో, డిశ్చార్జి కాగితంపై రాసి ఇస్తున్నారా అని తనిఖీ చేయాలని మేము కోరుతున్నాము. చదువురానివారికి చదివి వినిపించాలి, భర్తకు కాదు, ఆమెకే. ఆ కాగితం లేకపోతే, ఐదేళ్ల తర్వాత ఆమె నడుము నొప్పితో కదిరిలోనో మదనపల్లెలోనో చూపించుకున్నప్పుడు, హార్మోన్ చికిత్స అవసరమో కాదో తేల్చడం అక్కడి డాక్టరుకు కష్టమవుతుంది.