పేరు చివర 'ది మ్యూజికల్' తగిలించుకున్న కామెడీ సినిమా గారికి

మహారాజశ్రీ టూరింగ్ మ్యూజికల్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు మేమున్న ఊరికి దయచేసి, వారం పాటు ఆడి, ఆదివారం రాత్రి ఆఖరి షో అయ్యీ అవగానే సెట్లూ లైట్లూ విగ్గులూ లారీలకెక్కించుకుని వెళ్లిపోయారు. ఈపాటికి ఇంకో ఊళ్లో తెర లేపేసి ఉంటారు. ఏ అడ్రసుకు పంపాలో తెలియక ఇలా బహిరంగంగా రాసుకుంటున్నాను.

పేరెత్తను. ఒకప్పుడు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్విన కామెడీ సినిమాను పాటలూ డాన్సులూ కలిపి స్టేజీ నాటకం చేశారు, దాని పేరు వెనక 'ది మ్యూజికల్' అని ఒక తోక. ఆ తోక ఉన్నవాళ్లంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటారు కాబట్టి, ఎవరు చదివినా తమ గురించే అనుకోవచ్చు.

ముందు టికెట్ సంగతి. ధరలో అన్ని ఫీజులూ మొదటే కలిపి చూపించాలని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన రూలు 2025 మేలో అమల్లోకి వచ్చింది. అంతకుముందు కార్డు నంబరు కొట్టేటప్పుడు తగిలే షాకు ఇప్పుడు సీటు ఎంచుకునేటప్పుడే తగులుతోంది. పారదర్శకత అంటే ఇదే కాబోలు.

మీ వంశవృక్షం తిరగేశాను. నాటకం సినిమా కావడం పాత ముచ్చట, మీరు రివర్సు గేరులో వచ్చారు. హాలీవుడ్ కామెడీ దర్శకుడు మెల్ బ్రూక్స్ 1967లో 'ది ప్రొడ్యూసర్స్' అని ఒక సినిమా తీశాడు. కావాలని ఫ్లాపయ్యే నాటకం వేసి, పెట్టుబడి పెట్టినవాళ్ల డబ్బు నొక్కేద్దామనుకునే ఇద్దరి కథ. ఖర్మ కాలి ఆ నాటకం హిట్టవుతుంది. ఆ కథే 2001లో న్యూయార్క్‌లోని నాటకాల అడ్డా బ్రాడ్‌వే మీద మ్యూజికల్‌గా వచ్చి, అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డులు 12 ఎత్తుకుపోయింది. ఇప్పటికీ రికార్డు దానిదే. ఫ్లాపు కథకే ఇంత పంట పండితే హిట్టు సినిమాల సంగతేమిటని అందరికీ ఒకేసారి జ్ఞానోదయమైంది. 1988 నాటి 'హెయిర్‌స్ప్రే' 2002లో స్టేజీ ఎక్కింది. మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం 1975లో తీసిన సినిమా 2005లో 'స్పామలాట్' అయింది. 2004 నాటి 'మీన్ గర్ల్స్' 2018లో బ్రాడ్‌వే చేరింది.

అక్కడితో ఆగారా? స్టేజీ ఎక్కిన వాటిని మళ్లీ పట్టుకెళ్లి సినిమా తీశారు. 'ది ప్రొడ్యూసర్స్' 2005లో, 'హెయిర్‌స్ప్రే' 2007లో, 'మీన్ గర్ల్స్' 2024లో. ఈ చివరిదాని ట్రైలర్ చూసినవాళ్లలో చాలామందికి అది పాటల సినిమా అన్న సంగతి హాల్లో కూర్చున్నాకే తెలిసింది. స్టేజీ మీద సినిమా పేరు చెప్పుకుని టికెట్లు అమ్ముతారు, తెర మీదికి వచ్చేసరికి పాటల పేరెత్తడానికి మొహమాటపడతారు. మీకే నమ్మకం లేని పాటలు మాకెందుకండీ?

ఇక అసలు ఫిర్యాదు. నవ్వు నాలుగు విధాల చేటన్నారు పెద్దలు. మీరు అయిదోది కనిపెట్టారు, దానికి ట్యూను కట్టడం. సినిమాలో ఒక సీనుంది. హీరో ఇంట్లో అబద్ధమాడుతూ ఉంటాడు, తలుపు తెరుచుకుంటుంది, ఎవరికి తెలియకూడదో వాళ్లే గుమ్మంలో నిలబడతారు. కెమెరా హీరో మొహం మీదికి వెళ్తుంది. అతను రెప్ప వేస్తాడు, అంతే. సీను కట్. జనం పడీ పడీ నవ్వారు. మీ దగ్గర అదే తలుపు తెరుచుకుంది. హీరో రెప్ప వేసే లోపలే ఆర్కెస్ట్రా అందుకుంది. 'దొరికిపోయాను, దొరికిపోయాను' అనే అర్థం వచ్చేలా పాట మొదలైంది. రెండో చరణానికి సోఫా వెనక నుంచి ఒకరు, ఫ్రిజ్ వెనక నుంచి ఇద్దరు, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మరికొందరు ఊడిపడి ట్యాప్ డాన్స్ మొదలుపెట్టారు. ఎవరు వీళ్లంతా? హీరో దొరికిపోతే వీళ్లకేం సంబంధం? ఇంతమంది ఇంట్లో దాక్కుని ఉంటే ఆ అబద్ధం ఇన్నాళ్లు ఎలా నిలబడింది?

మాటకు అందనప్పుడు పాట, పాటకూ అందనప్పుడు డాన్సు. ఇది మీ శాస్త్రం. మంచి శాస్త్రమే, ప్రేమకథలకూ యుద్ధాలకూ దివ్యంగా పనికొస్తుంది. కామెడీ దానికి పూర్తిగా తలకిందులు. లోపల గుండె దడదడలాడుతున్నా పైకి 'ఏం లేదే' అన్నట్టు నిలబడతాడు చూడండి, నవ్వంతా అక్కడుంది. అలాంటి మనిషి చేతికి మైకిచ్చి, స్పాట్‌లైటు వేసి, మనసులో మాట చెప్పెయ్ నాయనా అంటే ఇంకేం మిగిలింది? మీ పద్ధతి ప్రకారం హీరో షో మొదలైన కాసేపటికే తనకేం కావాలో పాడి చెప్పాలి. సినిమాలో ఆ ముక్క సగం కథ గడిచాక, అదీ పొరపాటున, నోరు జారి బయటపడింది. చివర్లో కన్నీళ్ల పాట ఇంకొకటి, గొంతు చించుకుని. సినిమాలో ఆ చోట హీరో ముక్కు చీదుకుని ఒక పిచ్చి జోకు వేశాడు. ఎక్కువ ఏడిపించింది ఆ జోకే.

మీ తప్పు కాని విషయం కూడా ఒకటుంది, ఒప్పుకోవాలి. బ్రాడ్‌వేలో పెద్ద థియేటరైన గెర్ష్విన్‌లో సీట్లు 1,900 చిల్లర. అదే టూరు మీద అట్లాంటాలోని ఫాక్స్ లాంటి హాలుకెళితే 4,600 పైచిలుకు మంది. కనుబొమ్మ ఎగరేస్తే వెనక బాల్కనీలో ఎవరికి కనిపిస్తుంది? కాబట్టి కనుబొమ్మ చేయాల్సిన పని చెయ్యి చేస్తుంది, చెయ్యి చేయాల్సింది ఒళ్లంతా చేస్తుంది, చిన్న కంగారు కాస్తా శివతాండవమవుతుంది.

మా ప్రేక్షకుల సంగతీ చెప్పుకోవాలి, పాపం మీ ఒక్కరినే అనడమెందుకు. నా ముందు వరుసలో ఒకాయన ప్రతి ఫేమస్ డైలాగూ నటుడి కంటే అర సెకను ముందు పెదాలతో చెప్పేస్తున్నాడు. డైలాగు రాకముందే హాలంతా నవ్వేసింది. నటుడు ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, అప్పుడు డైలాగు చెప్పాడు, మళ్లీ చప్పట్లు. వచ్చింది నవ్వు కాదు, గుర్తుపట్టిన సంబరం. ఇంటర్వెల్లో లాబీకెళితే అదే డైలాగు టీషర్టు మీద అచ్చేసి అమ్ముతున్నారు. ఆ ముందు వరుసాయన రెండు కొన్నాడు.

ఇంత తిట్టాను కదా, మరి ఆఖరిదాకా ఎందుకు కూర్చున్నానంటారా? నా సీటు పుణ్యం. కుడివైపు చివర సీటు, స్టేజీలో కుడి భాగం సరిగా కనపడదు. దానికి బదులుగా ఎదురు వింగ్, అంటే స్టేజీ పక్కన తెరచాటు, లోపలి భాగం కాస్త కనిపించింది. హీరో వేషం మార్చుకోవాల్సిన సీనొచ్చింది. స్టేజీ మీద ఇద్దరు ఏదో పాడుతున్నారు. అతను వింగ్‌లోకి పరిగెత్తాడు. నటులకు వేషాలు మార్చే డ్రెస్సర్ ఒకామె నల్ల బట్టల్లో, స్కర్టు నేలమీద గుండ్రంగా పరిచి సిద్ధంగా ఉంది. అతను దాంట్లోకి దూకాడు, ఆమె పైకి లాగింది. ఇంకో చెయ్యి విగ్గు పెట్టింది, ఇంకోటి స్ట్రా ఉన్న నీళ్ల సీసా నోటికందించింది. ఒక చెప్పు కాలికెక్కలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తోస్తోంది, పాట అయిపోవస్తోంది. అతను ఒంటికాలి మీద గెంతుతూ స్టేజీ అంచుదాకా వచ్చి, ఆఖరి క్షణంలో మడమ లోపలికి నెట్టి, పొద్దుట్నుంచీ ఈ వేషంలోనే ఉన్నట్టు చిరునవ్వుతో నడుచుకుంటూ వెళ్లాడు. ఊపిరి అందక పక్కటెముకలు ఎగిరిపడుతున్నాయి, మొహంలో మాత్రం 'ఏం లేదే'.

నేను గట్టిగా నవ్వాను. స్టేజీ మీద అప్పుడు ఎవరూ జోకు వేయలేదు కాబట్టి పక్కావిడ నన్ను అనుమానంగా చూసింది.

అదండీ కామెడీ! సినిమాకది చేతకాదు. అక్కడ మేకప్‌కు గంటలు పడితే పడనిచ్చి, మధ్యలో కత్తెర వేసి అతికిస్తారు. మీకు కత్తెర లేదు, రీటేక్ లేదు. ఆ రోజు ఒంట్లో బాగోలేని నటుడి వేషం కడుతున్నది ఫలానా వారని చెప్పే చిన్న కాగితం ముక్క ప్రోగ్రాం పుస్తకంలో ఉంటుంది చూశారా, దాని వెనక అరడజను పాత్రలు బట్టీపట్టి పిలుపు కోసం కాచుక్కూర్చునే 'స్వింగ్' అనే జాతి ఉంది. స్టేజీ ముందు కింద ఆర్కెస్ట్రా కూర్చునే పిట్‌లో కొందరు వాద్యగాళ్లను ఏ ఊరికా ఊళ్లో కుదుర్చుకుంటారు. ఇంత ప్రమాదం పెట్టుకుని, అది మాకు కనపడకుండా దాచి, హీరో మనసు మాత్రం బయటపెట్టి పాడిస్తారేమిటి? దాచాల్సిందాన్ని చూపించి, చూపించాల్సిందాన్ని దాస్తున్నారు.

మీలో తెలివైనవాళ్లు లేకపోలేదు. 1993 నాటి 'గ్రౌండ్‌హాగ్ డే' 2016లో లండన్‌లోని ఓల్డ్ విక్ థియేటర్లో మ్యూజికల్‌గా మొదలైంది. ఒకే రోజు మళ్లీ మళ్లీ బతకాల్సిన మనిషి కథ. వారానికి 8 షోలు అవే మాటలు, అవే అడుగులు వేసే నటుల కంటే ఆ బాధ ఎవరికి తెలుస్తుంది? అక్కడ పల్లవి తిరిగి వస్తే కథే తిరిగి వచ్చినట్టుంటుంది.

వచ్చే సీజన్‌కు ఇంకో పాత కామెడీ పాటలు నేర్చుకుని వస్తోందని అప్పుడే ఈమెయిల్ వచ్చింది. మధ్య వరుసల్లో మంచి సీట్లు ఖాళీగానే ఉన్నాయి. నేను మాత్రం కుడివైపు చివరిదే తీసుకున్నాను. సగం స్టేజీ కనపడదని టికెట్ మీద హెచ్చరిక ఉంది, ధర కూడా తక్కువే. డ్రెస్సర్ గారిని ఎదురు వింగ్‌లోనే నిలబెట్టవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయ ప్రేక్షకుడు