కడుపుకోతతో వ్యాపారం

2012 డిసెంబర్ 14న అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, న్యూటౌన్ పట్టణంలో ఒక యువకుడు తుపాకీతో శాండీహుక్ ప్రాథమిక పాఠశాలలోకి చొరబడి 26 మందిని కాల్చి చంపాడు. వారిలో 20 మంది ఆరేడేళ్ల పసివాళ్లు. మర్నాడు సాయంత్రం ఒక తండ్రి కెమెరాల ముందుకు వచ్చాడు. ఆరేళ్ల కూతురు పోయి అప్పటికి ఒకటిన్నర రోజు కూడా కాలేదు. మైకు దగ్గరికి నడిచి వస్తుండగా ఆయన పెదవులపై ఒక్క క్షణం చిరునవ్వు మెదిలింది. ఆ తర్వాత ఊపిరి కూడదీసుకుని, పూడుకుపోతున్న గొంతుతో బిడ్డ గురించి నాలుగు మాటలు చెప్పాడు. చావు జరిగిన ఇంట్లో మనుషులు ఎలా ఉంటారో తెలిసిన వారెవరికీ ఆ నవ్వు వింతగా తోచదు. టెక్సస్ రాష్ట్రంలో మైకు ముందు కూర్చున్న రేడియో వ్యాఖ్యాత అలెక్స్ జోన్స్ మాత్రం దాన్నే సాక్ష్యంగా చూపించాడు. ఆ తండ్రి నటుడని, పిల్లలెవరూ చనిపోలేదని, తుపాకులు లాక్కోవడానికి ప్రభుత్వం ఆడించిన నాటకమని ఏళ్ల తరబడి ప్రచారం చేశాడు.

జోన్స్ 1974లో డాలస్‌లో పుట్టాడు. 1990లలో ఆస్టిన్ నగరంలో స్థానిక కేబుల్ చానల్‌తో మొదలుపెట్టి రేడియోకు చేరాడు. అదే ఆస్టిన్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో కాపురం ఉంటున్నాయి. 1999లో రేడియో స్టేషన్ ఉద్యోగం నుంచి తీసేస్తే ‘ఇన్ఫోవార్స్’ పేరుతో సొంత దుకాణం తెరిచాడు. 2001 సెప్టెంబర్ 11 దాడులు అమెరికా ప్రభుత్వమే చేయించిందన్నాడు. కొన్ని స్టేషన్లు అతడి కార్యక్రమాన్ని ఆపేశాయి, శ్రోతలు మాత్రం పెరిగారు. 2015 డిసెంబర్‌లో అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న డొనాల్డ్ ట్రంప్ అతడి కార్యక్రమంలో వీడియో ద్వారా పాల్గొని, నీ పేరు ప్రతిష్ఠలు అద్భుతమని మెచ్చుకున్నారు. పేరున్న నాయకుడు వంత పాడితే అబద్ధానికి ఎంత గౌరవం దక్కుతుందో మన దేశంలోనూ చూస్తూనే ఉన్నాం.

దుకాణం అన్నది ఉపమానం కోసం వాడిన మాట కాదు. ప్రపంచం రేపో మాపో కూలిపోతుందని గంటల తరబడి భయపెట్టి, ఆ నోటితోనే విటమిన్ మాత్రలు, ఏళ్ల తరబడి నిల్వ ఉండే ఆహారం అమ్మేవాడు. నిప్పు లేనిదే పొగ రాదని మనం అంటుంటాం. పొగనే సరుకుగా అమ్ముకునేవాడు ఉంటే నిప్పుతో పనేముంది? చనిపోయిన ఒక బాలుడి తల్లిదండ్రులు వేసిన పరువునష్టం దావా 2022లో ఆస్టిన్ కోర్టులో నడుస్తుండగా, జోన్స్ న్యాయవాదులు అతడి ఫోనులోని సమాచారమంతా పొరపాటున అవతలి పక్షానికి పంపేశారు. 2018లో కొన్ని రోజులు అతడి వ్యాపారానికి రోజుకు 8 లక్షల డాలర్లకు పైగా వచ్చిపడినట్లు అందులో తేలింది. కరోనా కాలంలో వైరస్‌ను చంపుతుందంటూ టూత్‌పేస్టు లాంటి సరుకులు అమ్మితే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్‌లో హెచ్చరిక లేఖ పంపాల్సి వచ్చింది. శవం మీద పేలాలు ఏరుకోవడమని మన పెద్దలు దేన్ని అన్నారో అదే ఇది.

ఆ భయాన్ని కొనుక్కున్నవాళ్లు ఊరుకోలేదు. చనిపోయిన ఒక బాలుడి తండ్రిని చంపుతానని బెదిరించిన ఫ్లోరిడా మహిళకు 2017లో జైలుశిక్ష పడింది. ఆ తండ్రి భద్రత కోసం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుతూనే గడిపాడు. తన ఏడేళ్ల కొడుకు సమాధి మీద మూత్రం పోశామంటూ ఉత్తరాలు వచ్చాయని ఇంకొక తండ్రి కోర్టులో చెప్పాడు. మరొకాయన తూటా దిగిన కొడుకు శరీరాన్ని చేతుల్లోకి తీసుకున్నానని 2017లో టీవీలో చెబితే, అది జరిగే పనే కాదని ఇన్ఫోవార్స్ ప్రసారం చేసింది. చివరిసారి బిడ్డను ఎత్తుకున్న ఆ కాసేపటిని కూడా ఆయనకు మిగల్చలేదు.

జోన్స్‌కు వాక్ స్వాతంత్ర్యం లేకుండా చేశారని వాదించేవారు అక్కడే కాదు, ఇక్కడా ఉన్నారు. వాక్ స్వాతంత్ర్యం మీద ఆధారపడి బతికేది పత్రిక. అందుకే ఈ విషయం మేము గట్టిగా చెప్పదలచుకున్నాం. ప్రభుత్వాన్ని అనుమానించినందుకు జోన్స్‌ను ఎవరూ శిక్షించలేదు. సెప్టెంబర్ 11 గురించి అంతంత మాటలన్నా ఎవరూ జైలుకు పంపలేదు. ఏ పదవీ, ఏ బలమూ లేని మామూలు మనుషులను వేలెత్తి చూపి, బిడ్డల చావును అబద్ధమని చాటి, వారి మీదికి జనాన్ని ఎగదోసినందుకు ఆ కుటుంబాలు టెక్సస్, కనెటికట్ కోర్టులకు వెళ్లి లెక్క చెప్పమన్నాయి. ఆ లెక్క కూడా అతడు చెప్పలేదు. కోర్టు అడిగిన పత్రాలు ఇవ్వకుండా ఏళ్లపాటు సాగదీస్తే, రెండు రాష్ట్రాల న్యాయమూర్తులు 2021లో అతడిని బాధ్యుడిగా తేల్చేశారు. ఆపై జ్యూరీల ముందు, అంటే తీర్పు చెప్పడానికి ఎంపికైన మామూలు పౌరుల ముందు, మిగిలింది పరిహారం ఎంతన్నదే. 2017లో పిల్లల సంరక్షణ కోసం మాజీ భార్యతో నడిచిన వ్యాజ్యంలో, రేడియోలో కనిపించేది అతడు పోషించే పాత్ర మాత్రమేనని సొంత న్యాయవాదే వాదించారు. దుఃఖంలో ఉన్న తండ్రిని నటుడని నిందించిన మనిషి గురించి ఆ మాట!

2022 ఆగస్టులో ఆస్టిన్ జ్యూరీ దాదాపు 4.93 కోట్ల డాలర్లు చెల్లించమంది. అక్టోబర్‌లో కనెటికట్ జ్యూరీ 96.5 కోట్ల డాలర్లుగా లెక్క కట్టింది. చిరునవ్వు నేరమైపోయిన ఆ తండ్రికి అందులో 12 కోట్లు. ఒక్కో పేరూ, ఒక్కో అంకె చదువుతుంటే కోర్టు గదిలో తల్లిదండ్రులు వెక్కివెక్కి ఏడ్చారు. అదే సమయంలో జోన్స్ తన స్టూడియోలో ప్రత్యక్ష ప్రసారం చేస్తూ, వీళ్లకు డబ్బు వస్తుందనుకుంటున్నారా అని నవ్వాడు. తర్వాతి నెలలో న్యాయమూర్తి ఇంకో 47.3 కోట్లు కలిపారు. 2024లో అప్పీలు కోర్టు 15 కోట్లు తగ్గించి మిగతాది ఖాయం చేసింది. 2025 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు అతడి అప్పీలును విచారణకు స్వీకరించలేదు. ఈలోపు కంపెనీల పేరుతోనూ, సొంత పేరుతోనూ దివాలా పిటిషన్లు వేశాడు. కావాలని కక్షతో చేసిన హాని కాబట్టి ఈ బాకీలో అధికభాగం దివాలాతో మాసిపోదని 2023లో హ్యూస్టన్ న్యాయమూర్తి చెప్పారు. అదొక్కటే ఊరట. అతడి స్టూడియో, సామగ్రి, పేరు, వాటి మీద వచ్చే ప్రతి డాలరూ ముందుగా ఆ కుటుంబాలకే చెందాలి.

ఫేస్‌బుక్, యూట్యూబ్ 2018లో అతడిని తొలగించాయి. వాటి బాటలోనే ట్విటర్ కూడా వెళ్లింది. ఎక్స్‌గా పేరు మారాక, 2023 డిసెంబర్‌లో యజమాని ఇలాన్ మస్క్ వాడుకరులతో ఓటు వేయించి మళ్లీ తెచ్చారు. రెండు కోర్టుల్లో తేలిన అబద్ధాన్ని చేతులెత్తించి మాఫీ చేయడం తప్పు. ఆ ఓటింగులో న్యూటౌన్ తల్లిదండ్రుల మాట ఎవరూ అడగలేదు.

ఆస్టిన్ కోర్టులో ఒక తల్లి సాక్షి బోనులోంచి, జ్యూరీ వైపు కాకుండా కొన్ని అడుగుల దూరంలో కూర్చున్న జోన్స్ వైపు తిరిగి మాట్లాడింది. తన కొడుకు నిజంగా ఉన్నాడని, తాను నిజమైన తల్లినని చెప్పింది. మర్నాడు అదే కోర్టులో, ఆ కాల్పులు నూటికి నూరు పాళ్లు నిజమని జోన్స్ ఒప్పుకున్నాడు. ఆ పిల్లవాడు పోయి అప్పటికి దాదాపు పదేళ్లు.