ప్రపంచం చూస్తుంది, కాస్త పక్కకు జరగండి

జాతీయ ఫుట్‌బాల్ లీగును ప్రపంచానికి అమ్మాలనుకున్న ప్రతి దేశానికీ మొట్టమొదట అడ్డుపడేవాడు సొంత ఊరి ప్రేక్షకుడే. అతడు టికెట్టు కొంటాడు, వానలో తడుస్తాడు, తాతల నాటి నుంచి ఒకే జట్టును నమ్ముకుని ఉంటాడు. ఆ ఒక్క కారణంతో ఆ జట్టు తనదేనని కూడా అనుకుంటాడు. ఆట వేళ మారిస్తే అలుగుతాడు, చొక్కా రంగు మారిస్తే ఊరేగింపు తీస్తాడు, ఊరే మారిస్తే శాపనార్థాలు పెడతాడు. ఇంత రభస చేసి అతడు కట్టేది ఒక్క కుర్చీ డబ్బులు. సముద్రాల అవతల సోఫాలో కూర్చున్న పెద్దమనిషికి ఈ జబ్బులేవీ లేవు. నెలనెలా చందా ఆయన ఖాతాలోంచి దానంతట అదే తెగిపోతుంది. ఆట చూసినా నిద్రపోయినా ఆయన ప్రేక్షకుడిగానే లెక్కలోకి వస్తాడు.

కాబట్టి, మన ఇండియన్ సూపర్ లీగును ప్రపంచ ప్రేక్షకులకు చేర్చాలని ఢిల్లీలోనూ ముంబయిలోనూ తలలు పట్టుకుని కూర్చున్న పెద్దలకు నాదొక విన్నపం. ఫుట్‌బాల్ ప్రేక్షకుడి బెడద లేని ఊరిని వెతికి లీగును అక్కడ స్థాపించండి. అటువంటి ఊళ్ళు దేశంలో చాలా ఉన్నాయి గాని, ఈ విషయంలో నెల్లూరుకు సాటివచ్చేది లేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

మా అర్హతలు చూడండి. ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియం ఉంది. వి.ఆర్. కళాశాల మైదానం ఉంది, బహిరంగ సభలకు పేరుపొందింది కనుక లౌడ్‌స్పీకర్లకు కొదవ లేదు. ట్రంకు రోడ్డులో ఎవరినైనా ఆపి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని అడగండి. చేతిలో బ్యాటు ఉన్నట్టు ఒంగి నిలబడి తన కుడివైపు చూపిస్తాడు. ఇంత స్వచ్ఛమైన వాతావరణం కోల్‌కతాలోనో, గోవాలోనో, మలబారులోనో దొరకదు. అక్కడివాళ్ళకు ఆట తెలుసు. ఆట తెలిసినవాడికి ఏదైనా అమ్మడం ఎంత కష్టమో వ్యాపారులకు వేరే చెప్పనక్కర లేదు.

పైగా మాకు అంతర్జాతీయ గుర్తింపు ఎప్పుడో వచ్చేసింది. ప్రపంచ ఫుట్‌బాల్ ప్రేక్షకులలో అగ్రపీఠం ఎవరిది? బ్రెజిల్ వారిది. బ్రెజిల్‌లో గడ్డి మొలిచే ప్రతిచోటా వినిపించే భారతీయ పేరు ఏది? ముంబయి కాదు, ఢిల్లీ కాదు, నెల్లూరు. అక్కడి పశుసంపదలో సింహభాగం నెలోరే జాతిది. పంతొమ్మిదో శతాబ్దంలో మన ఒంగోలు జాతి పశువులు ఓడలెక్కి వెళ్ళి అక్కడ ఆ పేరుతో స్థిరపడ్డాయి. అప్పట్లో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఎద్దు వాళ్ళదైంది, పేరు మాదైంది. ఈ సంగతి మీద ఒంగోలు మిత్రులకు ఇప్పటికీ కోపముందని నాకు తెలుసు. వారి తృప్తి కోసం చెబుతున్నాను: 1960ల ఆరంభంలో బ్రెజిల్ చేరిన ఒక ఆబోతు పేరు కర్వాది. ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే అది. మేలుజాతి పశువుల వంశవృక్షాలలో అది నేటికీ మూలపురుషుడు. 2023లో వియాటినా-19 అనే నెలోరే ఆవులో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది.

ఆవులో మూడో వంతు కొనడం మన రైతుకు వింతగా తోచవచ్చు. ఫుట్‌బాల్ జట్లలో వాటాలు కొనేవారికి ఇది మామూలే. 2019లో ముంబయి జట్టులో 65 శాతం వాటా కొన్న మాంచెస్టర్ సిటీ యాజమాన్యం 2025 చివరలో దాన్ని వదులుకుని వెళ్ళిపోయింది. ఒంగోలు రక్తమున్న ఆవులో వాటా వదులుకుని ఎవరైనా వెళ్ళినట్టు నేనింతవరకు వినలేదు.

ఇక పథకం. ఆట వేళ బ్రెజిల్‌కు అనుకూలంగా ఉండాలి. వాళ్ళకు రాత్రి 9 గంటలంటే మనకు తెల్లవారుజాము 5:30. ఆ వేళకు నెల్లూరులో పాలవాళ్ళూ, కూరగాయల మార్కెట్ హమాలీలూ, రొయ్యల చెరువుల కాపలాదారులూ మేలుకునే ఉంటారు. అందరికీ పని ఉంటుంది కాబట్టి ఒక్కరూ స్టేడియానికి రారు. నవంబరులో వాయుగుండం పట్టి మైదానం చెరువైనా ఫిర్యాదు చేసే నాథుడుండడు. దీనికి పూర్వోదాహరణ లేకపోలేదు. 2017 డిసెంబరులో స్పెయిన్ వారు రియల్ మాడ్రిడ్, బార్సిలోనా మ్యాచ్‌ను మధ్యాహ్నం 1 గంటకే మొదలుపెట్టారు, ఆసియాలో మనం సాయంత్రం టీ తాగుతూ చూడాలని. మాడ్రిడ్ వాడి మధ్యాహ్నాన్ని మన సాయంత్రం కోసం త్యాగం చేసిన ఆ ఔదార్యానికి బదులు తీర్చుకునే అవకాశం మనకు మాత్రం వద్దా?

జట్ల పేర్లు కూడా దూరపువాడికి నోరు తిరిగేలా ఉండాలి. 2014లో లీగు మొదలైనప్పుడు కోల్‌కతా జట్టుకు అట్లెటికో దె కోల్‌కతా అని పేరు పెట్టారు. అట్లెటికో మాడ్రిడ్ క్లబ్బుకు అందులో వాటా ఉండేది. ఆ బాటలోనే ఇంటర్ ఇందుకూరుపేట, రియల్ కావలి, అట్లెటికో దె ఆత్మకూరు, బొరుస్సియా బుచ్చిరెడ్డిపాలెం అనే నాలుగు జట్లతో శ్రీకారం చుట్టవచ్చు. బుచ్చిరెడ్డిపాలెం వారు పేరు పొడవైందని సందేహిస్తున్నారు గాని, చొక్కా వెనక చోటు చాలకపోతే ముందువైపుకు తిప్పి రాయవచ్చు.

ప్రపంచ స్థాయి తారల విషయంలో మన లీగు మొదటి నుంచీ సరైన దారిలోనే ఉంది. 2014లో ఢిల్లీకి వచ్చిన దెల్ పియెరోకు 39 ఏళ్ళు. చెన్నైకి వచ్చిన మాతెరాజ్జికి 41. కేరళకు గోల్‌కీపర్‌గానూ శిక్షకుడిగానూ వచ్చిన డేవిడ్ జేమ్స్‌కు 44. గోవాకు వచ్చిన రాబర్ట్ పిరెస్ ఆ సీజన్‌లోనే 41వ పుట్టినరోజు జరుపుకున్నారు. పెద్దలను గౌరవించడం మన సంప్రదాయం, ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఒక్క సూచన మాత్రం చేస్తాను. మా వైపు బండలాగుడు పోటీలలో ఎడ్లను రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని నోరు తెరిచి చూసి విడదీస్తారు. ఏ యజమాని ఎంత ఘనుడైనా, ఎద్దు మెడలో ఎన్ని గంటలు కట్టినా, పళ్ళు చూడనిదే బరిలోకి దించరు. తారలతో ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కరవది నుంచి ఒక రైతును ముంబయికి రప్పిస్తే చాలు. రైలు ఖర్చులు తప్ప ఆయన ఏమీ అడగడు. ఆయన వద్దంటే మాత్రం పేచీ పెట్టకూడదు. మాతెరాజ్జి విషయంలో ఆయన సరేననేవారని నా నమ్మకం. 2006 ప్రపంచకప్ ఫైనల్‌లో జిదాన్ తలతో గుండె మీద కుమ్మితే పడి మళ్ళీ లేచిన మనిషికి ఒంగోలులో ఎప్పుడూ గౌరవముంటుంది.

ఇంతకూ స్థానిక ప్రేక్షకుణ్ణి తప్పించడంలో మనం యూరప్ కంటే ముందున్నామన్న సంగతి చాలామంది గమనించలేదు. 2018 జూన్‌లో ముంబయిలో మన దేశం ఆడిన మ్యాచ్‌కు రెండున్నర వేల మంది వచ్చారు. కెప్టెన్ సునీల్ ఛెత్రి వీడియోలో కనిపించి, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండని జనాన్ని వేడుకున్నారు. పాపం, తరువాతి మ్యాచ్‌కు జనం వచ్చేశారు కూడా. ఇటువంటి భావోద్వేగాలు వ్యాపారానికి చేటు. హైదరాబాద్ జట్టును చూసి నేర్చుకోవాలి. 2021-22 సీజన్ కోవిడ్ వల్ల మొత్తం గోవాలోనే జరిగింది. సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ జట్టు విజేత అయ్యింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచినా, తెలుగువాళ్ళు గర్వపడినా, జట్టును మూటకట్టి తీసుకుపోవచ్చునని ప్రపంచానికి చాటిన ఘనత మనది.

స్పెయిన్ వారు ఈ పాఠం చదవక దెబ్బతిన్నారు. బార్సిలోనా, విల్లారియల్ మ్యాచ్‌ను 2025 డిసెంబరులో అమెరికాలోని మయామీలో ఆడించాలనుకున్నారు. అభిమానులు మండిపడ్డారు. ఆటగాళ్ళయితే అక్టోబరులో ఒక విడత మ్యాచ్‌ల మొదట్లో 15 సెకన్ల పాటు కదలకుండా నిలబడి నిరసన తెలిపారు. ఆ కాసేపు టీవీ వాళ్ళు మైదానం వదిలేసి స్టేడియం బయటి గోడలు చూపించారు. ఎంత చక్కని దృశ్యం! ఆటగాళ్ళూ లేరు, జనమూ లేరు, కట్టడం ఒక్కటే. ప్రపంచ మార్కెట్‌కు పంపదగ్గ అసలు సరుకు అదేనని గుర్తించకుండా వాళ్ళు మయామీ ఆలోచనే విరమించుకున్నారు. నెల్లూరులో ఆ చిక్కు రాదు. లీగు మొత్తాన్ని మయామీకి పంపినా మా వాళ్ళు ఇంటర్ ఇందుకూరుపేట ఎప్పుడు ఉండేదని అడుగుతారు.

ఖాళీ స్టేడియంలో చప్పుడు లేకపోతే దూరపు ప్రేక్షకుడు బెంగపడతాడని కొందరు సందేహించవచ్చు. అది నిజమే. ఇంగ్లండ్ లీగును ప్రపంచం ఎగబడి చూడడానికి సగం కారణం అక్కడి గ్యాలరీల హోరు. 2020లో కోవిడ్ వల్ల జనం లేకుండా ఆడినప్పుడు వీడియో ఆటల కోసం రికార్డు చేసిపెట్టిన కేకలను టీవీలో కలిపి వినిపించారు. మనకు అంత అప్పు తెచ్చుకోవలసిన గతి పట్టలేదు. ప్రకాశం జిల్లాలో ఏ తిరునాళ్ళకైనా వెళ్ళి బండలాగుడు పోటీ దగ్గర మైకు పెడితే చాలు. ఆఖరి నిమిషంలో జత మోకాళ్ళ మీద వంగి, మళ్ళీ లేచి, ఇంకో పది అడుగులు లాగినప్పుడు లేచే అరుపు ఏ గోలుకైనా అతుకుతుంది. ఎడ్ల కోసం అరిచారని రియోలో కూర్చున్నవాడికి తెలియదు. అతడి పొలంలోని పశువులు మాత్రం చెవులు నిక్కించవచ్చు.

ఈ పథకాన్ని మా వీధిలోని విశ్రాంత పశువైద్యుడికి వినిపించాను. ఆయన పూర్తిగా విని, "నాయనా, ఆ ఎద్దును బ్రెజిల్‌కు ఎవరూ ప్రచారం చేసి అమ్మలేదు. వాళ్ళే వెతుక్కుంటూ మన పల్లెలకు వచ్చారు. ఇక్కడ రైతు తన బండి కోసం, తన పొలం కోసం తరాల తరబడి మేపుకున్నాడు కాబట్టి అది అలా తయారైంది. చూడడానికి ఎవరో వస్తారని మేపలేదు" అన్నారు. వ్యాపార పరిజ్ఞానం లేనివారు ఇలాగే మాట్లాడతారు. పక్కనే ఉన్న రొయ్యల రైతు ఇంకో ఆక్షేపణ తీసుకొచ్చాడు. విదేశానికి పంపిన కంటైనర్‌లో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే మొత్తం సరుకు తిప్పిపంపుతారట. లీగుకు అటువంటి పరీక్ష ఉందా అని అడిగాడు. లేదని, అందుకే రొయ్యల కంటే ఫుట్‌బాల్ గొప్ప ఎగుమతి అని చెప్పాను. అతడు అదోలా నవ్వాడు గాని, ఆ నవ్వును నేను మద్దతుగానే నమోదు చేసుకున్నాను.

మిగిలింది డబ్బు. 2010లో భారత ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులను 15 ఏళ్ళకు 700 కోట్ల రూపాయలకు అప్పగించింది. ఆ గడువు 2025 డిసెంబరుతో ముగిసింది. కొత్తగా టెండరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. సరిగ్గా ఆ డిసెంబరులోనే మెస్సీ మన దేశానికి వచ్చాడు. కోల్‌కతాలో వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవారికి ఆయన చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులు కనిపించాయి. కుర్చీలు విరిగాయి. ఆట లేకుండానే అంత గిరాకీ ఉందని రుజువైంది కాబట్టి, ఆట మీద పెట్టుబడి దుబారా అని ఇప్పటికైనా తేలినట్టే.

టెండరుకు దిక్కులేని సమాఖ్య పెద్దలు వచ్చే మొహర్రానికి నెల్లూరు రావాలని కోరుతున్నాను. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు ఇచ్చే రొట్టెను కోరిక ఉన్నవారు అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె ఎప్పటి నుంచో ఉన్నాయి. స్పాన్సర్ రొట్టె ఇంకా లేదు. ముందు ఎవరికైనా స్పాన్సర్ దొరికితే గాని ఆ రొట్టె ఇచ్చేవారుండరు గనుక సమాఖ్య వారు మోకాలి లోతు నీళ్ళలో కొంత కాలం నిలబడవలసి రావచ్చు. ఏ ప్రచార సంస్థా పిలవకుండానే అక్కడికి లక్షల మంది ఎందుకు వస్తున్నారో ఆ తీరిక వేళ విచారించుకోవచ్చు, ఇష్టముంటేనే.

చివరగా ఒక సాంకేతిక సమస్య. మా పేటలోని ఖాళీ స్థలంలో సాయంత్రం పూట కొందరు పిల్లలు నిజంగానే ఫుట్‌బాల్ ఆడుతున్నట్టు నా పరిశీలనలో తేలింది. చెప్పులు కుప్పపోసి గోలు హద్దులు పెట్టుకుంటున్నారు. పందిరి గుంజలకు తవ్విన గుంతలను తప్పించుకుంటూ పరిగెత్తడం వల్ల బంతిని మలుపు తిప్పడం బాగానే అలవడింది. వాళ్ళలో ఒకడు నా దగ్గరకు వచ్చి, "అంకుల్, ఇక్కడ రెండు గోల్ పోస్టులు పెట్టిస్తారా?" అని అడిగాడు. నేను వాడి నెల చందా వివరాలూ, నివసించే దేశమూ అడిగి రాసుకున్నాను. రెండూ మన పథకానికి సరిపోలేదు. కాబట్టి ప్రసారాలు మొదలయ్యే నాటికి ఆ స్థలాన్ని ఖాళీ చేయించాలని ప్రతిపాదనలో ఒక వాక్యం చేర్చాను. వాళ్ళ బంతిని మాత్రం లీగు తరఫున తీసుకుని ఉంచాలి. నాలుగు జట్లు, తారలు, వేళలు, కేకలు అన్నీ సమకూరాయి గాని, మన దగ్గర ఇంకా బంతి లేదు.