మీ కంపెనీకి మీరే పూచీ

అమెరికాలో హోటలు పెట్టదలచిన తెలుగువాడు అన్నిటికంటే ముందు చేసే శుభకార్యం ఎల్‌ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ, రిజిస్ట్రేషన్. హోటలుకు పేరు తర్వాత, వంటవాడు తర్వాత, బిర్యానీ హైదరాబాదుదా గుంటూరుదా అన్న చర్చ ఇంకా తర్వాత. టెక్సాస్‌లో దీనికి 300 డాలర్లు, న్యూజెర్సీలో 125. ఆ సొమ్ముకు దక్కేది పరిమిత బాధ్యత. అంటే కంపెనీ వేరు, తాను వేరు. రేపు హోటలు మూతపడితే అప్పులు కంపెనీవి, ఇల్లు మాత్రం తనది.

ఇది సామాన్యమైన సిద్ధాంతం కాదు. 1890ల్లో లండన్‌లో ఒక తోలుబూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. మొత్తం 20,007 షేర్లలో 20,001 ఆయనవే. మిగతా ఆరూ భార్యకు, అయిదుగురు పిల్లలకు తలా ఒకటి. కంపెనీ దివాలా తీసినప్పుడు అప్పులవాళ్లు ‘ఈ కంపెనీ అంటే ఈయనే కదా’ అన్నారు. కాదు, ఆయన వేరు, ఆయన కంపెనీ వేరు అని అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) తీర్పు చెప్పింది. అద్వైతం మీద ద్వైతానికి ఇంతటి విజయం మన మఠాల చరిత్రలో కూడా అరుదు. తర్వాత 1977లో అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రం ఎల్‌ఎల్‌సీకి చట్టం చేసి, ఈ మోక్షాన్ని చిన్నవాళ్లకూ అందుబాటులోకి తెచ్చింది. న్యూయార్క్ రాష్ట్రానిది మరీ నిష్ఠ. అక్కడ ఎల్‌ఎల్‌సీ పెట్టినవాడు ఆ సంగతిని రెండు పత్రికల్లో వరసగా ఆరు వారాల పాటు ప్రకటించాలి. మనం పెళ్లికి కూడా ఇంత చాటింపు వేయించం.

ఇంత ఘనంగా పుట్టిన కంపెనీ అద్దెకు చోటు వెతుక్కుంటూ రోడ్డు పక్కన వరసగా దుకాణాలుండే ఒక స్ట్రిప్ మాల్ యజమాని దగ్గరికి వెళ్తుంది. పదేళ్ల లీజు. అద్దె కాకుండా ఆస్తిపన్ను, బీమా, పార్కింగ్ స్థలం ఊడ్చే ఖర్చు, మంచు తీసే ఖర్చు, వీటన్నిటిలో వాటా కూడా అద్దెదారుదే. ఇవన్నీ మనవాడు శ్రద్ధగా చదువుతాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన మనిషి కాబట్టి ఎక్సెల్‌లో వేసుకుంటాడు కూడా. చివరికి, అనుబంధాలన్నీ అయ్యాక, ఒకటి రెండు పేజీల కాగితం ఒకటి వస్తుంది. పైన ‘లీజు గ్యారంటీ’ అని ఉంటుంది. కంపెనీ అద్దె కట్టకపోతే సంతకం చేసినవాడు కడతాడని దాని అర్థం. ఆ పూచీ సంపూర్ణమైనది, బేషరతైనది, వెనక్కి తీసుకోరానిది, నిరంతరమైనది అని ఉంటుంది. ఇలాంటి విశేషణాలు మనం మామూలుగా భగవంతుడికి వాడతాం. సంతకం చేసి కింద అలవాటుగా ‘మేనేజర్’ అని రాస్తే స్థల యజమాని లాయరు మర్యాదగా వెనక్కి పంపిస్తాడు. హోదా అక్కరలేదు, ఒట్టి మనిషి చాలు.

ఇప్పుడు జరిగిన దాన్ని తాత్త్వికంగా పరిశీలిద్దాం. మనిషి తన నుంచి వేరుగా ఒక కంపెనీని పుట్టించాడు. ఆ కంపెనీ అప్పుల నుంచి తనను కాపాడుతుందని ప్రభుత్వానికి రుసుము కట్టాడు. ఆ తర్వాత ఆ కంపెనీ అప్పులకు తానే పూచీ పడ్డాడు. కుడిచేత్తో కట్టిన గోడకు ఎడమచేత్తో తలుపు పెట్టి, తాళంచెవి స్థల యజమానికి ఇచ్చాడు. మన ఊళ్లలో చిట్టీ పాడుకున్నవాడు షూరిటీ సంతకాల కోసం తిరిగే రోజుల్లో, టీచరుద్యోగం చేసే ప్రతి తండ్రీ కొడుక్కు చెప్పిన మాట ఒకటే: ‘ఎవడికీ షూరిటీ సంతకం పెట్టకు, నీ జీతంలోంచి కోస్తారు.’ కొడుకు ఆ మాటను అక్షరాలా పాటించాడు. పరాయివాడికి ఒక్కడికీ పెట్టలేదు.

స్థల యజమాని భయాన్ని నేను తప్పు పట్టను. ఆయన ముందు కూర్చున్న కంపెనీకి వయసు మూడు వారాలు, ఆస్తి ఒక లోగో. దానికోసం ఆయన బ్రోకరుకు కమిషన్ ఇవ్వాలి, కొన్ని నెలలు ఉచితంగా ఉండనివ్వాలి, ఒక్కోసారి వంటింటి జిడ్డును పట్టే గ్రీజ్ ట్రాప్‌కూ పొగను లాగే ఎగ్జాస్ట్ హుడ్‌కూ డబ్బులు కూడా సర్దాలి. ఆ కంపెనీ ఆర్నెల్లకు మాయమైతే ఆయన ఎవరిని పట్టుకోవాలి? న్యాయమైన ప్రశ్న. న్యాయమైన జవాబులు కూడా ఉన్నాయి. పూచీని ఏడాది అద్దెకు పరిమితం చేయవచ్చు. మూడేళ్లు సక్రమంగా కడితే రద్దయ్యేలా రాసుకోవచ్చు. ఇవన్నీ అడిగితే దొరికేవే. కానీ అడగడం మనకు మొహమాటం. ఫ్రీవే పక్కన, పార్కింగ్ ఉన్న చోటు చేజారిపోతుందని భయం. నెలకు 8,000 డాలర్ల అద్దె అనుకుంటే పదేళ్లకు 9,60,000. ఏటా పెరిగే అద్దె ఇందులో లేదు, ఇతర చార్జీలు లేవు. ఇంటి అప్పు కోసం బ్యాంకు ఇంత మొత్తానికి సంతకం పెట్టమంటే మనవాడు రెండు నెలలు నిద్రపోడు. ఇక్కడ మాత్రం పెన్ను ఎవరిదని అడిగి, సంతకం చేసి, పెన్ను తిరిగిచ్చేస్తాడు.

భాగస్వాములు ఉంటే కథ ఇంకా రసవత్తరం. నలుగురు మిత్రులు కలిసి పెట్టారనుకోండి. పూచీ ఉమ్మడిగానూ విడివిడిగానూ ఉంటుందని కాగితంలో ఒక మాట ఉంటుంది. వినడానికి సహకార సంఘం నియమావళిలా ఉంటుంది గానీ, దాని అసలు అర్థం ఇది: నలుగురిలో ఎవడి దగ్గర ఉంటే వాడి దగ్గర మొత్తం రాబట్టవచ్చు. రెండేళ్లకు ఒకడు ఇండియా వెళ్లిపోతాడు. ఇంకొకడు సాంబారు రుచి మీద అలిగి వాటా వదులుకుంటాడు. మూడోవాడు తన పేర ఏమీ లేకుండా జాగ్రత్తపడ్డ మేధావి. మిగిలేది నెలనెలా జీతం వచ్చే నాలుగోవాడు. నిజానికి అతడు ఒక్కరోజు కూడా వంటింట్లోకి వెళ్లలేదు. మిగతావాళ్లు అడిగారని, పండక్కి ప్రారంభోత్సవం ఉందని సంతకం పెట్టాడు.

హోటలు అమ్మేసినా ఈ బంధం తెగదు. కొత్త యజమాని వచ్చాడు, బోర్డు మార్చాడు, మెనూలో ఇండో చైనీస్ చేర్చాడు. పాతాయన ఊపిరి పీల్చుకుని కుటుంబంతో యెల్లోస్టోన్ చూసొచ్చాడు. స్థల యజమాని రాతపూర్వకంగా విడుదల చేస్తే తప్ప లీజు చేతులు మారినంత మాత్రాన పాత పూచీ పోదని రెండేళ్ల తర్వాత వచ్చే దావా నోటీసు చెబుతుంది. తాను ఎన్నడూ వండని మంచూరియాకు ఆయన బాకీ పడతాడు.

అన్ని రాష్ట్రాలూ ఒకటి కావు. టెక్సాస్ రాజ్యాంగం సొంతింటికి కాపలా కాస్తుంది. ఇలాంటి మామూలు అప్పులకు ఇల్లు పోదు. అద్దెదారు వెళ్లిపోతే స్థల యజమాని ఇంకొకరిని వెతుక్కోవాల్సిన బాధ్యత కూడా అక్కడ ఉంది. న్యూయార్క్‌లో ఆ బాధ్యత లేదని 1995లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. షాపును ఖాళీగా ఉంచి, లీజు గడువు అయ్యేదాకా అద్దె లెక్క వేస్తూ కూర్చోవచ్చు. ఇంతకంటే శ్రమలేని వ్యాపారం నాకు తెలియదు.

అందుకే అక్కడ ‘గుడ్ గై గ్యారంటీ’ అనే దయగల ఏర్పాటు పుట్టింది. అద్దె కట్టలేని రోజు వస్తే ముందుగా నోటీసు ఇచ్చి, ఆ రోజు వరకూ బకాయి లేకుండా కట్టి, షాపు ఖాళీ చేసి, చీపురుతో శుభ్రంగా ఊడ్చి, తాళాలు అప్పగిస్తే, ఆ తర్వాతి అద్దెకు మనిషిని పట్టుకోరు. అద్దె కట్టలేక వెళ్లేవాడు ముందు అద్దె అంతా కట్టాలన్న షరతులోని హాస్యాన్ని అలా ఉంచుదాం. చాలా గొడవలు వచ్చేది మిగతా చోట్ల. నోటీసు మామూలు తపాలాలో పంపితే చెల్లదు. గదంత ఉండే ఫ్రిజ్, వాక్-ఇన్ కూలర్, వదిలేసి వెళ్తే ఖాళీ చేసినట్టు కాదు. తాళాలు వాచ్‌మన్‌కు ఇస్తే ఇచ్చినట్టు కాదు.

2020లో ఒక విచిత్రం జరిగింది. కరోనాకు హోటళ్లు, జిమ్‌లు, సెలూన్లు ప్రభుత్వ ఆజ్ఞ మీద మూతపడ్డాయి. ప్రభుత్వమే మూయించిన షాపుకు అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? న్యూయార్క్ నగర మండలి చట్టం చేసింది: ఆ కాలంలో కట్టలేకపోయిన అద్దెకు వ్యక్తిగత పూచీదారులను పట్టుకోరాదు. పొడిగింపులతో కలిపి అది 2020 మార్చి 7 నుంచి 2021 జూన్ 30 దాకా వర్తించింది. స్థల యజమానులు ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఒప్పందాల బాధ్యతను భంగపరిచే చట్టం ఏ రాష్ట్రమూ చేయరాదని 1787 నాటి రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసి ఉంది. మొదట ఓడిపోయారు. 2021 అక్టోబరులో అప్పీలు కోర్టు కేసును మళ్లీ నిలబెట్టింది. ఆ అద్దెకు పూచీని వాయిదా వేయలేదు, శాశ్వతంగా తుడిచేశారు. పూచీదారు నిజంగా కష్టంలో ఉన్నాడా లేదా అని చూడలేదు. భారమంతా యజమానుల మీదే వేశారు అని ఎత్తి చూపింది. 2023 మార్చి 31న ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కింది కోర్టు తీర్పు ఇచ్చింది. వైరస్ వల్ల ఉద్యోగాలు, పెళ్లిళ్లు, ఒలింపిక్స్ అన్నీ ఆగాయి. పూచీకత్తు ఆగలేదు.

ఆ కేసు వేసినవాళ్లు ఆకాశహర్మ్యాల అధిపతులు కారు, చిన్న భవనాల యజమానులు. వాళ్ల గోడూ నిజమే. ఒక చిన్నవాడి పేరున్న కాగితం పట్టుకుని ఇంకో చిన్నవాడు కోర్టుకు వెళ్లాడు. మరి పెద్దవాళ్లు ఏ కాగితం మీద సంతకం పెడతారు?

వాళ్ల కాగితాలు మహా నాజూకైనవి. పెద్ద భవనాల అప్పుల్లో చాలావాటికి భవనమే హామీ, మనిషి కాదు. మోసం లాంటివి చేస్తే తప్ప అప్పిచ్చినవాడు యజమాని సొంత ఆస్తి జోలికి రాలేడు. న్యూయార్క్‌లో స్టైవెసాంట్ టౌన్, పీటర్ కూపర్ విలేజ్ అని 80 ఎకరాల్లో 11,000కు పైగా ఇళ్ల సముదాయం ఉంది. దాన్ని 2006లో టిష్‌మన్ స్పేయర్, బ్లాక్‌రాక్ 540 కోట్ల డాలర్లకు కొన్నాయి. 2010 జనవరిలో అప్పిచ్చినవాళ్లకు అప్పగించి బయటకు నడిచాయి. అందులో 50 కోట్లు పెట్టిన కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పింఛను నిధికి ఆ సొమ్ము తిరిగి రాలేదు. 2023లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రెండు పెద్ద బస హోటళ్ల యజమాని, పార్క్ హోటల్స్ అనే కంపెనీ, వాటి మీదున్న 72.5 కోట్ల డాలర్ల అప్పుకు వాయిదాలు ఆపేసింది. వాటాదారుల మేలు కోరి చేశామంది. ఎవరి ఇంటికీ నోటీసు రాలేదు. పత్రికలు దాన్ని వ్యూహం అన్నాయి. బిర్యానీ హోటలువాడు చేస్తే ఎగవేత. ఇంతకీ ఆ 80 ఎకరాలను అప్పగించే ముందు చీపురుతో ఊడ్చారా లేదా అన్నది ఏ పత్రికా రాయలేదు.

అంత ఎత్తుకు కూడా పోనక్కరలేదు. మనవాడు సంతకం పెట్టిన లీజునే తిరగేయండి. మధ్యలో ఎక్కడో ఒక నిబంధన ఉంటుంది: స్థల యజమాని బాధ్యత ఈ భవనంలో అతనికున్న హక్కు వరకే, అతని కంపెనీలోని సభ్యులెవరికీ వ్యక్తిగత బాధ్యత లేదు. ఎందుకంటే స్థల యజమాని కూడా ఎల్‌ఎల్‌సీయే, తరచూ ఆ ఒక్క భవనం కోసమే పుట్టినది. ఇద్దరూ అదే 300 డాలర్లు కట్టారు. ఒకరికి సరుకు అందింది.

కాబట్టి నాదొక వినయపూర్వకమైన ప్రతిపాదన. పూచీకత్తు అంత పవిత్రమైనదైతే రెండో పక్షానికి మాత్రం ఆ పుణ్యం ఎందుకు దక్కకూడదు? అద్దెదారు కట్టిన డిపాజిట్ తిరిగిస్తామని, వానకు కారే పైకప్పు బాగుచేయిస్తామని స్థల యజమాని కూడా సొంత పేరుతో, తన ఇంటి మీద, సంపూర్ణంగా, బేషరతుగా సంతకం పెట్టాలి. ఒక స్థల యజమాని తరఫు లాయరు ముందు ఈ ప్రతిపాదన ఉంచాను. ఆయన చిన్నపిల్లవాడికి ఎక్కాలు చెప్పినంత ఓపికగా వివరించారు: ‘మీరు చట్టం సరిగా అర్థం చేసుకోలేదండీ. యజమాని వేరు, ఆయన కంపెనీ వేరు.’ వాళ్ల లాయరు ఫీజు కూడా అద్దెదారే కట్టాలని చాలా లీజుల్లో ఉంటుంది గనుక, నాకు ఈ జ్ఞానబోధ చేయడానికి పట్టిన పావుగంట ఎవరి ఖాతాలో రాసుకున్నారో అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.