జపాన్ మైక్రోవేవ్‌ను నిషేధించలేదు. అసలు జాగ్రత్తలు వేరే ఉన్నాయి

"జపాన్‌లో మైక్రోవేవ్ ఓవెన్లన్నీ ఈ ఏడాది చివరికల్లా వదిలించుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది. మాట వినకపోతే 5 నుంచి 15 ఏళ్ల జైలు." ఈ మెసేజ్ కొన్నేళ్లుగా ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. అణుబాంబుల కన్నా ఓవెన్ తరంగాలే జపాన్‌కు ఎక్కువ చేటు చేశాయని హిరోషిమా యూనివర్సిటీ తేల్చిందట. పోషకాలు చచ్చిపోతాయని, క్యాన్సర్ వస్తుందని, ఓవెన్ ముందు నిలబడొద్దని, ప్లాస్టిక్ వాడొద్దని కూడా కొన్ని మెసేజ్‌లలో తగిలిస్తున్నారు. ఇది చదివి ఓవెన్‌ను మూలన పడేసినవాళ్లు ఉన్నారు. నాకు అంతకన్నా బాధ కలిగించేది వేరే ఉంది. ఓవెన్ దగ్గర నిజంగా ఒళ్లు కాలే సంగతి ఒక్కటీ అందులో లేదు.

"జపాన్ నిషేధించింది"

లేదు. ఈ కథ పుట్టింది 2019లో, పనోరమా అనే రష్యన్ వెబ్‌సైటులో. ఉత్తుత్తి వార్తలు అల్లి నవ్వించడమే ఆ సైటు పని. ఇతర భాషల్లోకి వచ్చేసరికి అది కల్పన అన్న సంగతి ఎవరూ చెప్పలేదు. జపాన్‌లో ఇవాళ్టికీ మైక్రోవేవ్ లేని ఇల్లు అరుదు. వీధి చివరి చిన్న స్టోరులో భోజనం డబ్బా కొన్నా, "వేడి చేసి ఇవ్వమంటారా?" అని అడిగి, కౌంటరు వెనకున్న ఓవెన్లో పెట్టి ఇస్తారు. షార్ప్, పానసోనిక్ అక్కడ కొత్త మోడళ్లు అమ్ముతూనే ఉన్నాయి.

ఆ మెసేజ్‌లో బాంబులు పడింది 1945 సెప్టెంబరులో అని ఉంటుంది. హిరోషిమా మీద పడింది ఆగస్టు 6న, నాగసాకి మీద 9న. ఒక్క హిరోషిమాలోనే ఆ ఏడాది ముగిసేలోగా దాదాపు 1,40,000 మంది చనిపోయారని అంచనా. అన్నం వేడి చేసుకునే పెట్టెను దాంతో పోల్చడం ఆ చనిపోయినవాళ్లకు చేసే అన్యాయం.

"రేడియేషన్ ఆహారంలోకి ఎక్కి క్యాన్సర్ తెస్తుంది"

అణుబాంబు నుంచి వచ్చే గామా కిరణాలకు మన కణాల్లోని డీఎన్ఏను తెంపే శక్తి ఉంది. ఓవెన్లో ఉండేది 2.45 గిగాహెర్ట్జ్ తరంగం, ఇంచుమించు వైఫై వాడే ఫ్రీక్వెన్సీయే. వెలుగైనా, ఈ తరంగమైనా ఫోటాన్లనే చిన్న శక్తి తునకలుగా వస్తుంది. మామూలు వెలుగులోని ఒక్కో ఫోటాన్‌కు ఉండే శక్తి, ఈ తరంగపు ఫోటాన్ శక్తికి సుమారు రెండు లక్షల రెట్లు. వెలుగే తెంపలేని డీఎన్ఏను ఇది తెంపలేదు. ఆహారంలోని నీటి అణువులను గిరగిరా ఊపి వేడి పుట్టిస్తుంది, అంతే. స్విచ్ తీశాక బల్బు వెలుగు గదిలో మిగలనట్టే, ఓవెన్ ఆగాక కూరలో తరంగాలు మిగలవు.

"ముందు నిలబడితే ప్రమాదం"

తలుపు అద్దంలో సన్నటి లోహపు జల్లెడ కనిపిస్తుంది కదా, కాపలా అదే. తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, జల్లెడ రంధ్రాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంత సన్నటి రంధ్రాల్లోంచి ఆ తరంగం బయటికి రావడం దాదాపు అసాధ్యం. తలుపు తీసిన క్షణమే లోపల తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ ఆగిపోతుంది. కాబట్టి చూసుకోవాల్సింది తలుపునే. అది వంగినా, కీలు వదులైనా, సరిగ్గా మూసుకోకపోయినా ఓవెన్ వాడొద్దు. అంచుల దగ్గర జిడ్డు పేరుకోనివ్వొద్దు.

"పోషకాలు చచ్చిపోతాయి"

ఏ వంటలోనైనా కొన్ని పోతాయి. విటమిన్ సి ఎక్కువగా పోయేది నీళ్లు ఎక్కువ పోసి, చాలాసేపు ఉడికించినప్పుడు. ఓవెన్లో నీళ్లూ తక్కువే, సమయమూ తక్కువే.

"ప్లాస్టిక్ వద్దు"

ఇది మాత్రం వినాల్సిన మాట. పార్సిల్ బిర్యానీ వచ్చిన పల్చటి డబ్బాను అలాగే లోపల పెట్టకండి. నూనె తేలే కూరలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ వేడెక్కుతాయి, డబ్బా మెత్తబడి అందులోని రసాయనాలు కూరలోకి దిగవచ్చు. వేడికి తట్టుకునే గాజు గిన్నెలోకి మార్చుకోండి. మెలమైన్ ప్లేట్లు, బంగారు అంచున్న పింగాణీ, మైక్రోవేవ్ మోడ్‌లో స్టీలు గిన్నెలు కూడా వద్దు.

ఇక ఆ మెసేజ్‌లో లేనివి.

ఒక అప్పడాన్ని ఓవెన్లో కాల్చి చూడండి. ఒకచోట తెల్లగా పొంగుతుంది, దాని పక్కనే పచ్చిగా ఉండిపోతుంది. సాంబారులోనూ, పప్పులోనూ జరిగేది ఇదే, కాకపోతే కంటికి కనిపించదు. అందుకే మధ్యలో ఆపి అడుగు నుంచి కలపాలి, దించాక ఒకటి రెండు నిమిషాలు వదిలేయాలి. పసిపిల్లల పాలసీసా మాత్రం ఎప్పుడూ ఓవెన్లో పెట్టొద్దు. సీసా చేతికి గోరువెచ్చగానే తగులుతుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉంటాయి. వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెడితే చాలు.

నున్నటి కప్పులో ఉత్త నీళ్లు ఎక్కువసేపు పెడితే, మరిగే వేడి దాటినా బుడగ కనిపించకపోవచ్చు. కాఫీ పొడి వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్మి మొహం మీద పడతాయి. ముందే చెక్క స్పూను వేసి పెట్టండి, టైము తగ్గించండి. గుడ్డును పెంకుతో పెట్టకూడదు, ఉడికించిన గుడ్డునైనా సరే. అది తీసి కొరికేటప్పుడు కూడా పేలవచ్చు. మూత బిగించిన డబ్బాలూ అంతే.

మధ్యాహ్నం వండి రాత్రిదాకా గట్టు మీదే ఉంచిన అన్నాన్ని ఓవెన్ బాగుచేయలేదు. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అవి పెరిగి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయండి.

ఓవెన్ చెడితే, యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పొద్దు. లోపల విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా ప్రాణం తీసేంత ఛార్జ్ ఉండిపోవచ్చు. పని తెలిసిన మెకానిక్‌నే పిలవండి.