రాయవేలూరు బస్సు

వేలూరులో సీఎంసీ ఆస్పత్రి పెట్టిన అమెరికన్ డాక్టరు ఐడా స్కడర్ మీద వ్యాసం చదివాను. మగ డాక్టరు వద్దని ఇంటివాళ్లు అన్నందుకు ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు కాన్పు కష్టమై చనిపోతే, అది చూసి ఆమె డాక్టరైన సంగతి అందరూ రాసేదే. 1918లో ఆమె వేలూరులో ఆడపిల్లలకు పెట్టిన మెడికల్ స్కూలును మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశారు. నా దృష్టిలో అసలు కథ అదే. మొదటి ఏడాది 14 మంది పరీక్ష రాస్తే అందరూ పాసయ్యారు! అబ్బాయిలకు సీట్లిచ్చింది 1947లో.

మా చిత్తూరులో జబ్బు ముదిరితే ఇప్పటికీ ‘రాయవేలూరుకు తీసుకుపోండి’ అంటారు, అంటే వేలూరులోని ఆ ఆస్పత్రికే. పొద్దున బస్సులో సగంమంది ఒళ్లో ఎక్స్‌రే కవర్లే. మా అవ్వకైతే అది ‘దొరసాని ఆస్పత్రి’. ఆ దొరసాని పేరేమిటో ఆమెకు తెలీదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.